పాండురంగం అడిగిన గడువు

వరంగల్లు గిర్మాజీపేటలో వక్కల పాండురంగం ఒకడు, ఇంగిలీషు పాండురంగం ఇంకొకడు అనుకుని ఇద్దరి కోసం వెతికిన వాళ్లున్నారు. ఇద్దరూ ఒకడే. పగలంతా వక్కలు, కాచు, జాజికాయ అమ్మేవాడు. పొద్దున్నే, దుకాణానికి గిరాకీ మొదలు కాకముందు, గద్దె మీద చతికిలబడి ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒళ్లో పెట్టుకునేవాడు. అందులోంచి రోజుకు ఒక్క మాట తీసుకునేవాడు. అది క్రియే కావాలి. మిగతా మాటల జోలికి పోయేవాడు కాదు.

ఎందుకయ్యా అంటే అతని జవాబు అతనికుండేది. "పేర్లు డబ్బాల పోసిన వక్కల లెక్క. ఏడ పెడ్తె ఆడనే ఉంటయి. క్రియ అంటె గిరాకి. అది వచ్చినంకనే దుకాణంల ఏదన్న కదులుతది."

ఆ నిఘంటువు అతని చేతికి వచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. కాజీపేటలో ఒక రైల్వే దొర బదిలీ మీద పోతూ ఇంట్లోని పాత కాగితాలన్నీ తూకానికి అమ్మేశాడు. పాండురంగం వాటిని కొన్నది పొట్లాలు కట్టడానికే. మొదటి పేజీలు కొన్ని వక్కపొడి పొట్లాలై ఊరంతా పోయాయి కూడా. ఒకనాడు ఒక పేజీ చించబోతూ ఊరికే చదివాడు. చదివి, చించలేకపోయాడు. బడిలో చదివింది ఉర్దూ. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది కాజీపేట గూడ్సు షెడ్డులో, బస్తాల మీది గుర్తులు పోల్చుకోవడానికి. అంతమాత్రం చదువుతో అంత పెద్ద పుస్తకానికి దిగడం ఆ బజారులో ఇంకెవరికీ తోచదు. తోచినా, పెళ్లాం ఊరుకోదు.

అతని భార్య అనసూయ కూడా ఊరుకోలేదు. "మాటలకు తూకం లేదు, ధర లేదు. గింత పొద్దుగాల ఎవలకు అమ్ముదామని తీస్తానవు?" అనేది. అతను నవ్వేవాడు. ఆ రోజు దొరికిన క్రియను దుకాణానికి వచ్చిన ప్రతివాడి మీదా ప్రయోగించేవాడు. ఆలస్యంగా వచ్చిన మంగలిని ఒక క్రియతో, అతిగా బేరమాడే వాడిని ఇంకో క్రియతో పలకరించేవాడు. బజారు నవ్వేది. నవ్వుతూనే, మాటకు అర్థం అడిగి మరీ వెళ్లేది.

ఇదంతా యుద్ధకాలపు ముచ్చట. కిరసనాయిలుకు, గుడ్డకు కంట్రోలు వచ్చిన రోజులు. అందులో ఒక వానాకాలం వరంగల్లులో గత్తర తగిలింది. గత్తర అంటే కలరా. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి ఉండడం లేదు. గిర్మాజీపేట బండ్లు కట్టుకుని పల్లెలకు పారిపోయింది. ఆ సమయానికి పాండురంగం కరక్కాయల బేరం మీద ములుగులో ఉన్నాడు. కబురు వినగానే బయలుదేరదామంటే దారులు ఆపేశారు. ఊరు చల్లబడ్డాక వచ్చి చూస్తే, అతని చెల్లెలి అత్తగారు భద్రమ్మ లేదు.

చెల్లెలు కమలను మిర్చి దుకాణం వెంకట్రాజానికి ఇచ్చారు. వెంకట్రాజం పొడుగాటి మనిషి, తక్కువ మాటల మనిషి. ఊరంతా పోతున్నా అతను పోలేదు. తల్లిని కదిలించే వీలు లేదు మరి. భద్రమ్మ ఒక మధ్యాహ్నం కన్ను మూసింది. వెంకట్రాజం తమ కులం ఇళ్ల తలుపులన్నీ తట్టాడు. సగం ఇళ్లకు తాళాలు. మిగతా ఇళ్లలోంచి తలుపు తీయకుండానే, ఒంట్లో బాగలేదని గొంతులు వచ్చాయి. పాడె ఎత్తడానికి నలుగురు దొరకలేదు.

చివరికి మండీలో బస్తాలు మోసే కట్టయ్య, తన జోడీ యాకయ్యను, మరో ఇద్దరిని వెంటేసుకుని తనంత తానే వచ్చాడు. నలుగురిదీ నాలుగు రకాల పుట్టుక. అందులో ఒకడు నమాజు చేసేవాడు. "ఎండల బస్తాలు దించినప్పుడల్ల అవ్వ సల్ల పోసింది సేటూ. మేం మోస్తం" అన్నాడు కట్టయ్య. మోశారు. భద్రమ్మ దహనం పద్ధతిగా జరిగింది.

ఊరు విడిచిన వాళ్లకు తిరిగి రాగానే ఆచారం గుర్తొచ్చింది. పారిపోయేటప్పుడు మూటల్లో దాన్నొక్కదాన్నే సర్దుకోవడం మరిచిపోయారు కాబోలు! మన ముసలమ్మను పరాయి భుజాలు మోయడమేమిటని సంఘంలో గుసగుసలు లేచాయి. గుసగుసలు పెరిగి మాటయ్యాయి. వెంకట్రాజం ప్రాయశ్చిత్తం చేసుకోవాలి, సంఘానికి భోజనం పెట్టాలి, సత్రంలో నిలబడి తప్పయిందని ఒప్పుకోవాలి. లేదంటే వెలి. ఆ ఇంటికి నిప్పు బంద్, నీళ్లు బంద్. మంగలి రాడు, చాకలి రాడు, పురోహితుడు రాడు. పిల్లలకు సంబంధాలు రావు. అతని బిడ్డ భారతికి హన్మకొండలో సంబంధం అప్పుడే మాటల్లో ఉంది.

పాండురంగం బావ దగ్గరకు పోయి బతిమాలాడు.

"తప్పయిందని ఒక్క మాట అంటె ఏం పోతది బావా? నోటి మాటనే గద!"

వెంకట్రాజం మిర్చి బస్తా మూతి కుడుతూ తలెత్తలేదు. "తప్పయింది అంటె ఏం చెప్పినట్టు? మా అమ్మను మోసిన భుజాలు మైల అన్నట్టు. రేపు కట్టయ్య నా దుకాణంల బస్తా దించుతాంటె వాని మొకం నేనెట్ల చూడాలె?"

బావ మాట నిజమని పాండురంగానికి తెలుసు. అందుకే భయం ఎక్కువైంది. అబద్ధం మీద పట్టుబట్టిన వాణ్ని మెత్తబరచవచ్చు, నిజం మీద కూర్చున్న వాణ్ని ఎవరు లేపగలరు?

వాళ్ల సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఏ నిర్ణయానికీ చేతులెత్తరు, నోటితో ఔను కాదు అనరు. మాట ఖాయం చేసే ముందు వక్కల పళ్లెం వరుసగా తిరుగుతుంది. ఒక వక్క తీసి నోట్లో వేసుకుంటే ఒప్పుకున్నట్టు. ముట్టకుండా పళ్లెం పక్కవాడికి జరిపితే ఒప్పుకోనట్టు. ముగ్గురు ముట్టకపోతే ఆ మాట ఇక వీగిపోయినట్టే.

ముగ్గురు చాలు. పాండురంగం ఒకడు. ఇంకో ఇద్దరి కోసం అతను బజారంతా తిరిగాడు. బట్టల దుకాణం సారంగపాణి, తమలపాకుల కాశీనాథం చాటుగా మాట ఇచ్చారు. "మేం ముట్టం, ఫికర్ చెయ్యకు" అన్నారు. కానీ చాటుగా ఇచ్చిన మాట నలుగురిలో నిలుస్తుందా అన్న బెంగ అతన్ని పట్టుకుంది. అన్నం సహించలేదు.

సత్రంలో కూడే రోజు దగ్గరపడుతుండగా, ఒక ఉదయం నిఘంటువులో అతని వేలు ఒక క్రియ దగ్గర ఆగింది. ఆస్ట్రసైజ్. అర్థం చదివి, మళ్లీ మొదటినుంచి చదివాడు. తమ మధ్య నుంచి ఒకణ్ని వెళ్లగొట్టడం, పొత్తు మానుకోవడం అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో గ్రీకు మాట ఏదో ఉంది. అది అతనికి అంతుపట్టలేదు.

సుబేదారి నుంచి కిషన్ రావు పంతులు వక్కలకు వచ్చినప్పుడు పాండురంగం పుస్తకం ఆయన ముందు పెట్టాడు. కిషన్ రావు బడిలో ఇంగ్లీషు చెప్పే పంతులు. భోజనం తర్వాత వక్క లేనిదే పాఠం చెప్పలేని మనిషి.

"గీ మాట జర విప్పి చెప్పుండ్రి పంతులుగారూ."

కిషన్ రావు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "పెద్ద మాటనే పట్టినవు పాండురంగం. బడిల పిల్లలంత కలిసి ఒకనితోని ఆడుడు బంద్ చేస్తె, వాణ్ని ఆస్ట్రసైజ్ చేసిన్రు అంటరు. కొట్టరు, తిట్టరు. పలకరియ్యరు, అంతే. కచేరీల పక్క గుమాస్తాలు ఒకణ్ని చాయకు పిలువకుంట పోతె అదే. ఇది ఒక్కడు చేసే పని కాదు. పది మంది కలిస్తెనే అయితది."

"మరి కింద గా గ్రీకు మాట?"

"అది చిల్లపెంకు."

పాండురంగం నమ్మలేదు. కిషన్ రావు నవ్వి, మొత్తం చెప్పాడు. వేల ఏళ్ల కింద గ్రీకుల దేశంలో ఏథెన్స్ అనే పట్నం ఉండేది. ఏడాదికొకసారి, ఊరికి ఎక్కువైపోతున్నాడు అనుకున్న మనిషిని బయటికి పంపేందుకు జనం ఒకచోట కూడేవారు. కాగితాలు ఎక్కడివి? పగిలిన కుండల పెంకులే. ప్రతివాడూ ఒక పెంకు తీసుకుని, ఎవరు పోవాలనుకుంటే వాడి పేరు దాని మీద గీకేవాడు. ఎక్కువ పెంకులు ఎవరి పేరున పడితే వాడు ఊరు విడిచి పోవాలి. నేరం మోపేది లేదు, సంజాయిషీ అడిగేది లేదు. వాళ్ల భాషలో పెంకుకున్న పేరే ఆ పనికి పేరైంది. అదే తిరిగి తిరిగి ఇంగ్లీషులోకి వచ్చింది.

"పోయినోడు మళ్ల రాడా?" అని అడిగాడు పాండురంగం.

"వస్తడు. పదేండ్లే. అన్ని రోజులూ వాని ఇల్లు, భూమి వానివే. తిరిగొస్తె ఎప్పటి మర్యాదనే."

పంతులు వక్కలు కట్టించుకుని వెళ్లిపోయాడు. పాండురంగం మాత్రం అక్కడే కూర్చుండిపోయాడు. గడువు! వెళ్లగొట్టడానికి కూడా గడువు పెట్టిన మనుషులున్నారా! మన వెలికి అంతు లేదే, తాత తప్పు మనవడి పెళ్లి దాకా నడుస్తుందే అనుకున్నాడు. సారంగపాణి, కాశీనాథం ఆఖరి నిమిషంలో వెనక్కు తగ్గితే భారతి బతుకేమిటి? అదే ఒక గడువు అడిగితే? ఆలోచించిన కొద్దీ అది బంగారంలాంటి ఉపాయంగా తోచింది. ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

సంఘం పెద్ద రాంచందర్. ధాన్యం వ్యాపారి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పాండురంగానికి పని సులువయ్యేది. గత్తర నాడు తన వాళ్లనందరినీ బండిలో ఎక్కించి తీసుకుపోయిన మనిషి, తిరిగొచ్చాక వెంకట్రాజం ముఖం చూడలేక తప్పుకుని తిరిగేవాడు. సత్రంలో అందరూ సర్దుకుని కూర్చున్నాక గొంతు సవరించుకున్నాడు. "వెంకట్రాజం మీద నాకు కోపం లేదు. కానీ కట్టు లేకపోతె సంఘం లేదు. పళ్లెం తిప్పుండ్రి."

పళ్లెం లేవకముందే పాండురంగం లేచాడు.

"జర ఆగుండ్రి కాకా. ఒక్క ముచ్చట చెప్త."

చెప్పాడు. పెంకుల ముచ్చట మొత్తం చెప్పాడు. ఇంగ్లీషు పాండురంగం చెప్తున్నాడంటే బజారుకు ఎప్పుడూ సరదాయే. అందరూ ముందుకు వంగి విన్నారు. కుండపెంకు మీద పేరు గీకడం విని నవ్వారు. పదేళ్లకు తిరిగి పిలుచుకోవడం విని తలలూపారు.

"గంత పాత కాలపోళ్లే గడువు పెట్టుకున్నరు. మనం తరాలకు తరాలు బంద్ పెడ్తానం. పిల్లలేం చేసిన్రు కాకా? ఒక గడువు పెట్టుండ్రి. ఏడాది. ఏడాది తర్వాత ఎప్పటి మర్యాదనే."

గొడవ అవుతుందని, గంటసేపు వాదించాల్సి వస్తుందని అతను సిద్ధపడి వచ్చాడు. రాంచందర్ రెప్ప కొట్టినంతసేపు కూడా ఆలోచించలేదు. "మంచి మాట. ఏడాదే. నువ్వన్నట్టే కానీ" అన్నాడు. ఆయన ముఖం తేటపడింది. సత్రమంతా తేటపడింది. బరువు దించుకున్న వాళ్లలా జనం కాళ్లు చాపుకున్నారు. పాండురంగం ఛాతీ పొంగింది.

పళ్లెం లేచింది. సారంగపాణి దగ్గరకు వచ్చింది. అతను ఒక వక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

పాండురంగం చూపు అతని దవడ మీదే ఆగిపోయింది. పళ్లెం కాశీనాథం దగ్గరకు వచ్చింది. కాశీనాథం ఇటు వంగి మెల్లగా అన్నాడు. "ఏడాదే గద అన్నా. నువ్వే అంటివి. ఎల్లకాలం అయితె సచ్చినా ముట్టకపోదును." అంటూనే వక్క తీసుకున్నాడు.

పళ్లెం అతని ముందుకు వచ్చింది. ఇప్పుడు తానొక్కడు జరిపితే ఏమవుతుంది? ముగ్గురు లేరు. పైగా మాట తనది. రాంచందర్ ఇటే చూస్తున్నాడు. పాండురంగం చెయ్యి పళ్లెంలోకి పోయింది. అరవై రకాల వక్కలు ఎరిగిన నాలుకకు ఆ వక్క రుచే తెలియలేదు.

మర్నాడు వెంకట్రాజం ఇంటికి పోతూ దారంతా మాటలు కూర్చుకున్నాడు. ఏడాది ఇట్టే గడుస్తుంది, హన్మకొండ వాళ్లను ఏడాది ఆగమని తానే అడుగుతాడు, నీళ్లు తెచ్చేందుకు మనిషిని మాట్లాడతాడు. గుమ్మంలో కమల ఎదురైంది. అన్నను చూసి లోపలికి రమ్మనలేదు. పొమ్మనలేదు. పక్కకు తప్పుకుంది. వెంకట్రాజం అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"తగ్గించిన బావా, ఏడాదికి తగ్గించిన" అన్నాడు పాండురంగం.

"విన్న. కాశీనాథం పొద్దుగాల్ల దూరం నుంచే చెప్పి పోయిండు. ఎల్లకాలం అంటె ముట్టకపోదునన్నడు." వెంకట్రాజం గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని పాండురంగానికి అనిపించింది. "ఒక్కటి చెప్పు బావా. నీకు సదువుంది. ఏడాదికి సరిపోను నేను ఏం తప్పు చేసిన్నో చెప్పు."

పాండురంగం అరుగు అంచున కూర్చోబోయి ఆగాడు.

"పదేండ్లకైతె ఎంత తప్పుండాలె? ఏడాదికైతె ఎంత? నువ్వు లెక్క కట్టినవు గద. లెక్క కట్టినోనికి సరుకేందో తెల్వాలె గద." అంతే అన్నాడు. లేచి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి రోజులు పాండురంగానికి ఎలా గడిచాయో అనసూయకే తెలుసు. పుస్తకం ముట్టలేదు. గిరాకీ వస్తే ఇచ్చేది ఇచ్చి ఊరుకునేవాడు. వీధి చివర కమల రెండు బిందెలతో మట్టెవాడ దాకా నీళ్లకు పోవడం దుకాణంలోంచి కనబడేది. బావి తమ వీధిలోనే ఉంది, కానీ అది సంఘం బావి. చెల్లెలు ఇటు చూసేది కాదు.

కిషన్ రావు పంతులు మళ్లీ వచ్చినప్పుడు పాండురంగం ఒకే ఒక్క మాట అడిగాడు. "పంతులుగారూ, గా ఊర్లె పెంకు మీద పేరు గీకనోడు ఎవడన్న ఉండెనా? అసలే గీకనోడు?"

కిషన్ రావుకు ఇది కొత్త ప్రశ్న. "ఉండే ఉంటరు. కూడిన కాడికి రాకపోయినోళ్లు, వచ్చి ఊకె నిలబడ్డోళ్లు. వాళ్లను ఎవరు రాసిపెడ్తరు పాండురంగం? పెంకుల మీద పేర్లు దొరుకుతయి కానీ, గీకనోని పెంకు దొరకదు గద."

ఆ మాట అతనిలో పడి అక్కడే ఉండిపోయింది. తాను గడువు అడిగాడు. పదేళ్లను మెచ్చుకున్నాడు, ఏడాదిని బేరమాడాడు. వక్కల వ్యాపారి బుద్ధి ఎక్కడికి పోతుంది, ధర తగ్గితే గెలిచాననుకుంది. వెళ్లగొట్టడమే తప్పని అనడానికి నోరు రాలేదు. ఆ మాటకు నిఘంటువు అక్కర్లేదు, తన తెలుగే చాలు. అతనికి సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు కంటే చెల్లెలి మీద బెంగ ఎక్కువగా ఉంది.

భద్రమ్మకు నెలనెలా పెట్టే మాసికం రోజు వచ్చింది. పురోహితుడు రాడని అందరికీ తెలుసు. వెంకట్రాజం మాత్రం వంట చేయిస్తున్నాడని, తల్లిని మోసిన నలుగురినే భోజనానికి పిలిచాడని బజారులో తెలిసింది. వెలి ఇంట్లో తిన్నవాడికీ అదే వెలి. ఇది సంఘం కట్టుబాటులో ఉన్న మాట. గడువు మారింది కానీ, ఆ మాట మారలేదు.

పాండురంగం స్నానం చేసి కండువా వేసుకున్నాడు. అనసూయ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఏడికి?"

చెప్పాడు. ఆమె గుమ్మం వదల్లేదు. "నువ్వు ఆడ తినొచ్చి ఈడ పంటె, రేపు నీకు వండి పెట్టిన నేనూ వెలే. పిల్లలూ వెలే. సోచాయించినవా, జర ఆలోచన చేసినవా?"

"సోచాయించిన. నిన్ను రమ్మంటలేను. వద్దంటె..."

"వద్దంటె ఆగుతవా?"

అతను ఆమె పక్కనుంచి తప్పుకుని బయటికి దిగాడు. పొద్దెక్కి బజారు నిండుగా ఉన్న వేళ, వీధి మధ్యలో నడుచుకుంటూ వెళ్లాడు. రాంచందర్ తన దుకాణం ముందు నిలబడి చూశాడు. కాశీనాథం ఆకుల బుట్ట మీదికి తల దించుకున్నాడు.

వెంకట్రాజం వాకిట్లో నాలుగు విస్తర్లు వేసి ఉన్నాయి. కట్టయ్య, యాకయ్య, మరో ఇద్దరు ఒదిగి కూర్చున్నారు. పాండురంగం మూలనున్న విస్తరాకుల కట్టలోంచి ఒకటి లాక్కుని కట్టయ్య పక్కన బాసింపట్టు వేసుకున్నాడు. కట్టయ్య గాభరాగా లేవబోయాడు.

"సేటూ, మీరు తిన్నంక నేను అటెన్క కూసుంట."

"కూసో కట్టయ్యా. నువ్వు లేస్తె నేనూ లేవాలె. నాకు ఆకలైతాంది."

అన్నం గిన్నెతో వచ్చిన కమల అక్కడే ఆగిపోయింది. "అన్నా, లెవ్వు. నీకు తెల్వదా? పిల్లలున్నరు నీకు. వదినె ఏమంటది?"

"వదినెనే అడుగు" అన్న గొంతు గుమ్మంలోంచి వినిపించింది. అనసూయ. పెద్దపిల్లను ఒక చేత, చిన్నపిల్లవాణ్ని ఇంకో చేత పట్టుకుని, వేగంగా నడిచి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. "గీ మనిషితోని ఎట్లాగూ ఏగాలె. ఏగేదేదో నీ చేతి అన్నం తిని ఏగుత. వడ్డియ్యి కమలా."

వెంకట్రాజం లోపలి నుంచి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. పాండురంగం కూర్చున్నచోటు నుంచే తలెత్తి చూశాడు.

"ఏం తప్పు చేసిన్నో చెప్పమంటివి బావా. ఎంత ఎతికినా దొరకలె. నువ్వు ఏ తప్పూ చెయ్యలె. గీ మాట ఆనాడు సత్రంల అందరి ముంగట అనాలె నేను. అనలె. ఇప్పుడంటాన."

వెంకట్రాజం విస్తరాకుల కట్ట దగ్గరకు వెళ్లాడు. మోకాళ్ల మీద కూర్చుని అనసూయకు, పిల్లలకు తానే విస్తర్లు పరిచి నీళ్లు చల్లాడు. కమల చేతిలోంచి గిన్నె తీసుకుని మొదట కట్టయ్యకు, ఆ పక్కనే పాండురంగానికి వడ్డించాడు. పాండురంగం అన్నం కలుపుకున్నాడు.